ఒక్క మగ బాల్ పైథాన్‌తో రెండు మూడు ఆడపాములను జత కలపడం ఎలా? రాయలసీమ ఎండల్లో పెంచేవారి కోసం

అనంతపురం, కర్నూలు, కడప వైపు బాల్ పైథాన్‌లు, అంటే ఆఫ్రికా రకం కొండచిలువలు, పెంచే కుర్రాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, నా దగ్గర మగది ఒక్కటే ఉంది. ఎన్ని ఆడవాటికి వదలచ్చు?"

సూటిగా చెప్పాలంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద మగపాము ఒక సీజన్‌లో నాలుగైదు ఆడపాములతో కలవగలదు. కానీ లెక్క అక్కడ మొదలుపెట్టకండి. మే నెలలో, బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, ఎన్ని గుడ్లను 32 డిగ్రీలు మించకుండా కాపాడగలరో ముందు చూసుకోండి. మన దగ్గర అసలు హద్దు అదే. ఒక్కో ఆడపాము మామూలుగా ఆరేడు గుడ్లు పెడుతుంది. మూడు ఆడపాములంటే సుమారు ఇరవై గుడ్లు. అవన్నీ పొదిగితే ఇరవై పిల్లలు, ఇరవై డబ్బాలు, వారం వారం ఇరవై చిట్టెలుకలు. మొదటిసారి చేసేవారు రెండింటితో ఆగండి. మూడు దాటొద్దు.

కాగితాలు ముందు

ఇక్కడ చెప్పేదంతా ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్ గురించే. మన కొండచిలువ, జెర్రిపోతు, నాగుపాము, రెండు తలల పాము వంటి దేశీ పాములు వేటినీ ఇంట్లో పెట్టుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. రెండు తలల పాముకు లక్షలు వస్తాయని మీ ఊళ్ళో ఎవరైనా చెబితే ఆ మాటల్లోకి దిగకండి. అది మోసం, దానికి తోడు జైలు కూడా.

బాల్ పైథాన్ వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. 2022లో సవరించిన మన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో దాని నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఇలాంటి విదేశీ జంతువు ఉన్నవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, పాము చచ్చిపోయినా, వేరొకరికి ఇచ్చినా తెలపాలి. మగపాముకు నమోదు ఉండి ఆడపాముకు లేకపోతే పుట్టే పిల్లల కాగితాలన్నీ చిక్కుల్లో పడతాయి. అందుకే జత కలపకముందే అన్నిటి కాగితాలూ సరిచూసుకోండి. గడువులు, ఫీజు పోర్టల్‌లోనే చూసుకోండి, లేదా జిల్లా అటవీ కార్యాలయంలో అడగండి.

కావలసినవి

- మగపాము ఒకటి: రెండేళ్ళ వయసు, కనీసం 800 గ్రాముల బరువు. ఒక్క ఆడపాముకైతే 600 గ్రాములది కూడా సరిపోవచ్చు, రెండు మూడింటికి చాలదు.
- ఆడపాములు: మూడేళ్ళు నిండి, 1,500 గ్రాములు దాటినవి. వయసు, బరువు రెండూ ఉండాలి. ఎలుకలు ఎక్కువ పెట్టి ఏడాదిన్నరకే బరువు తెప్పించిన పామును కలపకండి.
- ప్రతి పాముకూ విడి డబ్బా, తాళం పడే మూత. పాములు కలిసి కాపురం చేసే జీవులు కావు.
- గ్రాము వరకు చూపే డిజిటల్ కాటా. ఐదు కిలోల వంటింటి కాటా చాలు.
- ప్రతి హీటర్‌కూ థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం. ఇది లేకుండా హీట్ మ్యాట్ పెడితే పాము కడుపు కాలుతుంది, ఒక్కోసారి ఇల్లే అంటుకుంటుంది.
- గుడ్లకు: థర్మోకోల్ పెట్టె లేదా పాడైపోయిన పాత ఫ్రిజ్, హీట్ కేబుల్, ఎస్‌టీసీ-1000 వంటి వేడిని అదుపు చేసే కంట్రోలర్, చిన్న కంప్యూటర్ ఫ్యాన్, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలు, వర్మిక్యులైట్ లేదా పెర్లైట్. చివరి రెండూ మొక్కల నర్సరీల్లో దొరుకుతాయి.
- ఇన్వర్టర్. మన వైపు వేసవి కరెంటు గురించి మీకు చెప్పక్కర్లేదు.
- ఒక నోట్ బుక్. ఫోన్‌లో రాసుకుంటామంటారు, రెండో నెలకు ఆపేస్తారు. పుస్తకం డబ్బాల పక్కనే వేలాడదీయండి.

1. ఏది మగ, ఏది ఆడ? మళ్ళీ చూపించండి

అమ్మినవాడి మాట నమ్మి నెలల తరబడి రెండు మగపాములను కలిపి కూర్చున్నవారు ఉన్నారు. తోక మొదట్లో ఉండే చిన్న గోళ్ళు రెండింటికీ ఉంటాయి, వాటిని బట్టి తేల్చలేం. తోక మొదట్లో సన్నని కడ్డీ (ప్రోబ్) దించి చూడటం నమ్మదగిన పద్ధతే, కానీ చేయి తిరిగినవారే చేయాలి. తప్పుగా గుచ్చితే పాము జీవితాంతం పనికిరాకుండా పోతుంది. యూట్యూబ్ చూసి మీరే చేయొద్దు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, బెంగళూరులో ఇలాంటి జంతువులను చూసే డాక్టర్లు ఉన్నారు. ఎక్కడికి వెళ్ళినా పాములను చూస్తారో లేదో ముందే కనుక్కుని వెళ్ళండి.

మగపాము స్పైడర్ అనే రంగు రకమైతే ఇక్కడితో ఆపేయండి. ఆ రంగు జన్యువుతో పాటే తల వణకడం, తూలడం వస్తాయి. పిల్లల్లో సగానికి ఆ బాధ అంటించడం నాకు సరైన పనిగా అనిపించదు, రేటు ఎంత పలికినా సరే.

2. మూడు నెలలు దూరంగా ఉంచండి

ఒకే మగపామును పలు డబ్బాల్లోకి తిప్పే పద్ధతిలో పెద్ద ప్రమాదం ఇదే. ఆ మగదానికి ఏ జబ్బున్నా ఇంట్లో ఉన్న ప్రతి ఆడపాముకూ అదే మోసుకెళ్తుంది. కొత్తగా తెచ్చింది మగదైనా ఆడదైనా తొంభై రోజులు వేరే గదిలో ఉంచండి. దానికి నీళ్ళ గిన్నె వేరు, పట్టకారు వేరు. ముందు పాత పాముల పని చేసుకుని, ఆఖర్న దాని దగ్గరికి వెళ్ళి, వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

చూడాల్సినవి:
- నీళ్ళ గిన్నె అడుగున మిరియపు పొడి చల్లినట్టు నల్లని చుక్కలు కనిపిస్తే అవి మైట్స్, పాము రక్తం పీల్చే చిన్న పురుగులు. తెల్లని టిష్యూతో పామును తుడిచి చూడండి, కదిలే చుక్కలు అంటుకుంటాయి.
- నోరు తెరిచి ఊపిరి తీయడం, బుడగలు, ముక్కు దగ్గర జిగురు, తల పైకెత్తి ఉంచడం. ఇవి ఊపిరితిత్తుల జబ్బు గుర్తులు. పైథాన్‌లలో నిడోవైరస్ అనేది ఇలాగే కనిపిస్తుంది. కొన్ని పాములు ఏ గుర్తూ చూపకుండా దాన్ని మోస్తాయి. ఖరీదైన ఆడపాములు ఉన్నవారు మగదాని నోటి స్వాబ్ పరీక్ష చేయించడం మంచిది.
- కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడటం. మన పొడి గాలికి ఇది మామూలే, జబ్బు కాదు. డబ్బాలో తేమ 60 శాతానికి తగ్గకుండా చూడండి.

3. రెండు నెలల ముందు నుంచి తిండి

జులై, ఆగస్టు నెలల్లో ఆడపాములకు పది రోజులకోసారి తగిన సైజు ఎలుక పెట్టండి. మగదానికి కూడా ఇదే సమయం. సీజన్ మొదలయ్యాక అది తిండి మానేస్తుంది, ఇప్పుడు తిన్నదే అప్పటికి ఆధారం.

పొలంలో, గోడౌన్‌లో పట్టిన ఎలుకలు వద్దు. శనక్కాయ గోడౌన్ల దగ్గర ఎలుకల మందు పెట్టని చోటు లేదు. ఆ మందు తిన్న ఎలుకను తింటే పాముకూ గండమే. పెంపకం తెల్ల ఎలుకలనే వాడండి. ఫ్రీజర్‌లో పెట్టినవైతే పూర్తిగా కరిగించి, గోరువెచ్చగా చేసి పెట్టండి. నాగుల చవితికి ఇంట్లో పెద్దవాళ్ళు పాలు పెడదామంటే దండం పెట్టించి ఊరుకోండి. పాము పాలు అరిగించుకోలేదు.

4. రాత్రి చల్లబరచండి

పగలు వేడి మూల 31–32 డిగ్రీలు అలాగే ఉంచి, రాత్రి గది 24–25కు దిగితే చాలు. చలి దేశాల వాళ్ళు దీనికి చాలా ఏర్పాట్లు చేస్తారు. మనకు దీపావళి దాటాక కిటికీ తెరిస్తే సరిపోతుంది. అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రులు బయట 16–18 దాకా పడతాయి కాబట్టి అప్పుడు మాత్రం కిటికీ మూసి, గది 23 కంటే కిందికి పోకుండా చూడండి. ఎక్కువ చల్లబడితే కడుపులోని ఎలుక అరగదు, జలుబు మొదలవుతుంది.

నా సలహా అడిగితే దీపావళి దాకా ఆగకండి. సెప్టెంబరు చివర్లోనే మొదలుపెట్టండి. కారణం ఎనిమిదో అంచెలో తెలుస్తుంది.

5. వంతులు వేయడం

మగపామును ఆడపాము డబ్బాలోకి సాయంత్రం వదలండి. ఆ రోజుకు ముందు రెండు రోజుల్లో రెండిట్లో ఏదీ తిని ఉండకూడదు. రెండు రోజులు ఉంచి తీసేయండి. తర్వాత నాలుగైదు రోజులు మగది తన డబ్బాలో ఒంటరిగా ఉండాలి. ఆ విరామంలో చిన్న ఎలుకను ఇచ్చి చూడండి. తింటే అరిగేదాకా ఆగి తర్వాతి దాని దగ్గరికి పంపండి.

మూడు ఆడపాములుంటే వంతు ఇలా తిరుగుతుంది: శుక్రవారం సాయంత్రం మొదటిది, ఆదివారం సాయంత్రం బయటికి. మరుసటి శుక్రవారం రెండోది. ఆ పై శుక్రవారం మూడోది. అంటే ఒక్కోదాని వంతు మూడు వారాలకోసారి వస్తుంది. మగది బలంగా ఉంటే విరామం నాలుగు రోజులకు తగ్గించచ్చు. అంతకన్నా తగ్గించకండి.

ఒక ఆడపాములో కడుపు నిండుతున్న గుర్తులు కనిపిస్తే వంతు పక్కన పెట్టి మగదాన్ని దాని దగ్గరికే ముందు పంపండి. వరస కన్నా ఆడపాము సిద్ధంగా ఉండటం ముఖ్యం.

*లాక్ పడిందని, అంటే జత కలిసిందని, ఎలా తెలుస్తుంది?* రెండింటి తోకలు మెలిపడి, మొదళ్ళ దగ్గర అతుక్కుని ఉంటాయి. కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల దాకా అలాగే ఉండచ్చు. ఆ సమయంలో డబ్బా లాగడం, ఫోటోకని టార్చ్ కొట్టడం, విడదీయబోవడం ఏదీ వద్దు. బలవంతంగా విడదీస్తే మగదాని అంగం బయటికొచ్చి లోపలికి పోదు. అలా జరిగితే శుభ్రమైన తడి గుడ్డ కప్పి, ఆరకుండా చూస్తూ అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. చూసిన తేదీ, సమయం పుస్తకంలో రాయండి.

*మగది పట్టించుకోకపోతే?* ఆడపాము విడిచిన తాజా కుబుసాన్ని రెండు రోజులు దాని డబ్బాలో వేయండి. మబ్బు పట్టి వాన వచ్చేలా ఉన్న సాయంత్రాల్లో వదిలి చూడండి, ఆ వాతావరణానికి చాలా మగపాములు చురుకవుతాయి. కొందరు వేరే మగపాము కుబుసం వేస్తారు, అదీ పనిచేస్తుంది. పోటీ పెడదామని రెండు మగపాములను ఒకే డబ్బాలో మాత్రం వేయొద్దు.

6. ప్రతి ఆదివారం మగదాని బరువు

మిగతావన్నీ సగం సగం చేసినా పర్వాలేదు కానీ ఇది వదలకండి. సీజన్ మొదటి రోజు బరువు పుస్తకంలో పైన పెద్ద అంకెల్లో రాయండి. అందులో 15 శాతం తగ్గిన రోజున ఆ ఏడాదికి ఆపేయాలి. 800 గ్రాముల పాము 680కి వస్తే ఆగినట్టే. ఇంకో ఆడపాము మిగిలి ఉందన్న ఆశ వద్దు.

చూపుతో కూడా తెలుస్తుంది. వెన్నెముక గట్టులా తేలి, రెండు పక్కలా ఒళ్ళు లోపలికి జారి కనిపిస్తే కాటా చూడకముందే ఆపచ్చు. మగది తిండి మానేసినందుకు టెన్షన్ పడక్కర్లేదు, సీజన్‌లో అది మామూలే. తిండి మానేసినా బరువు నిలకడగా ఉంటే బాగున్నట్టే.

7. ఆడపాము కడుపుతో ఉందా?

గుర్తులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

మొదట అది చల్లని మూలకు చేరుతుంది, నీళ్ళ గిన్నెకు చుట్టుకుంటుంది, రంగు కాస్త వెలుస్తుంది. వెల్లకిలా పడుకోవడం కూడా చూస్తారు. తర్వాత తిండి తగ్గిస్తుంది. ఇవన్నీ అనుమానపు గుర్తులే.

ఖాయమైన గుర్తు అండం విడుదల. ఒళ్ళు మధ్యలో, పెద్ద ఎలుకను మింగినట్టు, ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఒక రోజులో తగ్గిపోతుంది. దీన్ని చూడకుండా పోవడం చాలామందికి జరుగుతుంది, కంగారు పడకండి. సుమారు మూడు వారాలకు వచ్చే కుబుసమే మీకు తేదీ చెబుతుంది. ఆ కుబుసం తర్వాత సుమారు నెల రోజులకు గుడ్లు పెడుతుంది. పుస్తకంలో ఆ తేదీకి గుండ్రం చుట్టండి.

ఉబ్బు కనబడ్డాక మగదాన్ని దాని దగ్గరికి పంపాల్సిన పని లేదు. వంతుల్లో ఆ పేరు కొట్టేసి మిగిలినవాటికి చూసుకోండి.

ఇంకో సంగతి. ఆడపాములు మగదాని వీర్యాన్ని నెలల తరబడి లోపల దాచుకోగలవు. మీ ఆడపాము పోయిన ఏడాది వేరే మగదానితో కలిసి ఉంటే ఈసారి పిల్లల తండ్రి మీ మగదే అని ఖాయంగా చెప్పలేరు. కొనేవారికి ఆ మాట ముందే చెప్పండి.

8. గుడ్లు, మన మే నెల

పుస్తకాల్లో, వీడియోల్లో గుడ్లను వెచ్చగా ఎలా ఉంచాలో చెబుతారు. మన కష్టం చల్లగా ఉంచడం. అక్టోబరు చివర్లో కలపడం మొదలుపెడితే గుడ్లు మార్చి, ఏప్రిల్‌లలో వస్తాయి. పొదగడానికి 55–60 రోజులు. అంటే సరిగ్గా రోహిణి కార్తెలో గుడ్లు పెట్టెలో ఉంటాయి. సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టమన్నది అందుకే. అలా మొదలుపెడితే కొన్నైనా ఫిబ్రవరిలో గుడ్లు పెట్టి ఏప్రిల్‌లో పొదుగుతాయి. అన్నీ మన మాట వినవు, ఆడపాము తనకు వీలైనప్పుడే పెడుతుంది.

గుడ్లకు కావలసింది 31–32 డిగ్రీలు. కరెంటు పోయి ఒక పూట 28కి పడితే పెద్ద నష్టం లేదు, రెండు రోజులు ఆలస్యంగా పొదుగుతాయి. కొన్ని గంటలు 34 దాటితే మాత్రం వెన్ను వంకర పిల్లలు, గుడ్డులోనే చచ్చిన పిల్లలు. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదు, చల్లబరచలేదు. కర్నూలులో స్లాబు కింది గది మధ్యాహ్నం 37కు వెళ్తే దాని లోపలా 37కు తగ్గదు.

మూడు దారులు:

ఏసీ ఉంటే ఆ గదిని 28 దగ్గర పెట్టి ఇంక్యుబేటర్ అందులో ఉంచండి. అన్నిటికన్నా తేలిక ఇదే.

ఏసీ లేనివారు కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని గది చూసుకుని ఎయిర్ కూలర్ పెట్టండి. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. గాలి నేరుగా పెట్టెకు తగలనివ్వకండి. పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో గోనె సంచులు తడిపి కిటికీలకు కట్టే పద్ధతి ఇక్కడ కూడా పనికొస్తుంది.

మూడోది, పాత ఫ్రిజ్ డొక్కు. ఎస్‌టీసీ-1000లో వేడికి ఒకటి, చలికి ఒకటి రెండు స్విచ్‌లు ఉంటాయి. ఒకదానికి హీట్ కేబుల్, రెండోదానికి చిన్న పెల్టియర్ కూలర్ (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడే పలక) కట్టండి. 31.5 పెట్టి తేడా 0.5 ఇవ్వండి. వైరింగ్ రాకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. కరెంటు పోతే వేయడానికి ఫ్రీజర్‌లో నాలుగు నీళ్ళ సీసాలు గడ్డకట్టించి ఉంచుకోండి. గుడ్ల డబ్బాకు తగలకుండా, గుడ్డ చుట్టి, ఒక్కొక్కటిగా వేయాలి.

నాటుకోళ్ళ ఇంక్యుబేటర్ వాడచ్చా అంటారు. వాడచ్చు, రెండు పనులు చేస్తే. అది 37.5 మీద సెట్ అయి వస్తుంది, 31.5కు మార్చాలి. గుడ్లు తిప్పే మోటార్ తీసేయాలి. కోడిగుడ్డు తిప్పకపోతే పాడవుతుంది, పాముగుడ్డు తిప్పితే పాడవుతుంది.

థర్మామీటర్ నిజం చెబుతోందో లేదో చూసుకోండి. గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి, కంట్రోలర్ ప్రోబ్‌ను, ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌ను కలిపి ముంచండి. జ్వరం థర్మామీటర్ 36 చూపినప్పుడు ప్రోబ్ 37 చూపితే కంట్రోలర్‌లో ఒక డిగ్రీ సరిచేయండి. పెట్టెను గుడ్లు రాకముందే వారం రోజులు ఖాళీగా నడిపించి, మధ్యాహ్నం రెండింటికీ తెల్లవారుజామునా ఎంత చూపుతోందో రాసుకోండి. ఈ పని ఏప్రిల్‌లో కాదు, జనవరిలోనే చేయండి. చేతకాదని తేలితే ఒక ఆడపామును వంతుల్లోంచి తీసేయడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.

*గుడ్లు తీయడం.* తల్లి గుడ్లను గట్టిగా చుట్టుకుని ఉంటుంది. తోక వైపు నుంచి మెల్లగా విప్పండి. కొరకచ్చు, విషం లేదు. గుడ్డు ఎలా పడి ఉందో అలాగే తీసి, పైన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి, ఆ గీత చివరిదాకా పైకే ఉండాలి. అతుక్కున్న గుడ్లను విడదీయకండి, గుత్తిగానే పెట్టండి. తల్లిని గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, డబ్బా పూర్తిగా కడగండి. గుడ్ల వాసన పోకపోతే అది ఇంకా కాపలా కాస్తూ తిండి ముట్టదు. కడుపులో ఇంకా గుడ్డు ఉందని చేతికి తెలుస్తూ రెండు రోజులైనా పెట్టకపోతే డాక్టర్‌కు చూపించండి, పిసకకండి.

*డబ్బా సర్దడం.* వర్మిక్యులైట్‌ను తూచి, అంతే బరువు నీళ్ళు కలపండి. గుప్పిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. అందులో గుడ్లు సగం వరకు దించండి. మూత గట్టిగా పెట్టి, జారకుండా చిన్న కడప బండ ముక్క ఒకటి పైన పెట్టండి. వారానికోసారి మూత తీసి నిమిషం గాలి ఆడనివ్వండి, చివరి రెండు వారాలు రెండుసార్లు.

*పరీక్ష.* వారం తర్వాత చీకట్లో గుడ్డు కదపకుండా ఫోన్ టార్చ్ ఆనించి చూడండి. ఎర్రని నరాలు కనిపిస్తే బతికున్నట్టు. పసుపుగా, ఖాళీగా, చిన్నగా ఉన్నవి మొదటి నుంచీ వట్టి గుడ్లే, వాటికి మగదాన్ని తప్పుపట్టక్కర్లేదు. అన్నీ వట్టివైతే మాత్రం కలిపిన తేదీలు, మగదాని వయసు రెండూ మళ్ళీ చూడండి.

గుడ్డు సొట్ట పడితే తేదీ చూడండి. నలభై రోజుల లోపైతే తేమ చాల్లేదు, గుడ్ల మీద పడకుండా అంచుల వెంట గోరువెచ్చని నీళ్ళు కొంచెం పోయండి. యాభై దాటాకైతే అది పిల్ల బయటికొచ్చే ముందు పడే సొట్ట, ఏమీ చేయకండి. బూజు పట్టిన గుడ్డు విడిగా ఉంటే తీసేయండి. గుత్తిలో అతుక్కుని ఉంటే వదిలేయండి, పక్క గుడ్డు బలంగా ఉంటే బూజు దాన్ని ఏమీ చేయదు.

9. పిల్లలు

మొదటి గుడ్డు చీలాక మిగిలినవి ఒకటి రెండు రోజుల్లో చీలుతాయి. పిల్ల తల బయటపెట్టి రోజంతా అలాగే ఉంటుంది, లోపల పచ్చసొన ఇంకుతోంది. ఆత్రంతో లాగితే బొడ్డు తెగి చచ్చిపోతుంది. 48 గంటలు దాటినా చీలని గుడ్డుకు మాత్రం పైభాగంలో చిన్న కత్తెరతో కాస్త కోసి చూడచ్చు, నరాలు తెగకుండా.

ఒక్కో పిల్లకు ఒక్కో చిన్న డబ్బా, తడి టిష్యూ, నీళ్ళు. వారం పది రోజులకు మొదటి కుబుసం విడుస్తుంది. ఆ తర్వాతే తిండి: బొచ్చు మొలిచిన చిట్టెలుక పిల్ల. రెండు మూడుసార్లు వద్దన్నా కంగారు వద్దు, ఐదు రోజులకోసారి ఇచ్చి చూడండి. నెల దాటినా తినకపోతే తెలిసినవారి సలహా తీసుకోండి. కనీసం మూడు నాలుగుసార్లు వరసగా తిన్న పిల్లనే వేరొకరికి ఇవ్వండి.

ఈ పిల్లలన్నీ ఒకే తండ్రి బిడ్డలు. తల్లులు వేరైనా సరే ఒకదానితో ఒకటి కలపడానికి పనికిరావు. ఒకే కుర్రాడికి జతగా మగ, ఆడ పిల్లలను అమ్మకండి. అనంతపురం లాంటి ఊళ్ళో పెంచేవారు కొద్దిమందే కాబట్టి రెండేళ్ళలో ఊరంతా ఒకే మగపాము వంశమైపోతుంది. తండ్రి గుర్తు రాసిన చీటీ ప్రతి పిల్లతో పంపండి. పరివేష్‌లో పుట్టుక, బదిలీ వివరాలు నింపండి. బస్సు పార్శిల్‌లో పంపడం, మిగిలిపోయాయని గుట్టల్లో వదలడం చేయకూడని పనులు.

ఎక్కువగా జరిగే తప్పులు

ఇద్దరు స్నేహితులు ఖర్చు తగ్గుతుందని మగపామును పంచుకోవడం మొదటిది. వారం మీ ఇంట్లో, వారం వాళ్ళింట్లో అంటే క్వారంటైన్ అనే మాటే ఉండదు. ఇవ్వక తప్పదనుకుంటే సీజన్ మొత్తం ఒకే ఇంట్లో ఉంచి, వాళ్ళ ఆడపామునే తొంభై రోజుల ముందు తెప్పించుకోండి.

రెండోది మగదాన్ని నెలల తరబడి ఆడపాముతోనే వదిలేయడం. రెండూ తిండి సరిగా తినవు, ఎప్పుడు కలిశాయో తెలియదు, మిగతా ఆడపాముల వంతు పోతుంది.

మూడోది పోయిన ఏడాది గుడ్లు పెట్టిన ఆడపామును బరువు కోలుకోకుండానే మళ్ళీ కలపడం. గుడ్లు పెట్టాక ఆడపాము బరువు బాగా పడిపోతుంది. సెప్టెంబరు చివరికి పాత బరువుకు రాకపోతే ఆ ఏడాది దానికి సెలవు.

కార్న్ స్నేక్‌లకు ఇదే పద్ధతి పనిచేస్తుందా అనీ అడుగుతారు. వంతులు వేయడం వరకు పనిచేస్తుంది. కానీ వాటికి చలికాలపు విశ్రాంతి ఇంకా చల్లగా ఉండాలి, గుడ్లకు 27–29 డిగ్రీలే కావాలి, ఒక్కోటి పది ఇరవై గుడ్లు పెడుతుంది. మన వేసవిలో 28 నిలపడం 31.5 నిలపడం కన్నా కష్టం. ఏసీ లేకుండా వాటి జోలికి పోవద్దు.

మార్చి చివరికి, ఉగాది దాటేసరికి మగదాని వంతులన్నీ ఆపేయండి. వారం పది రోజుల్లో అదే తిండి మీదకు వస్తుంది. మొదట చిన్న ఎలుకలతో మొదలుపెట్టి నెలకు మామూలు సైజుకు రండి. వినాయక చవితి నాటికి దాన్ని మళ్ళీ తూచండి. పోయినసారి మొదటి పేజీలో రాసిన బరువుకు చేరి ఉంటేనే ఈ ఏడాది వంతుల పట్టిక వేయండి.